డాబా చల్లబడాలి: దీవి చుట్టాల కోసం మా వేసవి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

ఈ వేసవికి మేం ఎక్కడికీ వెళ్లడం లేదు. పిల్లల సెలవులు ఇంట్లోనే. చుట్టాలే ఇక్కడికి వస్తున్నారు. మా పెద్దమ్మ కూతురు, బావగారు, వాళ్లిద్దరు పిల్లలు మే మొదటి వారంలో అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ నుంచి దిగుతారు, నెలాఖరు దాకా ఉంటారు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా ఇళ్లలో అందరం ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం. మా పెదనాన్న వయసులో ఉండగా శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖ వెళ్లి, ఓడెక్కి, పని కోసం అక్కడికి చేరి అక్కడే స్థిరపడ్డాడు. అలా వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ దీవుల్లో చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు అని రాయించారు. అక్క పుట్టింది, పెరిగింది, పెళ్లయింది అన్నీ అక్కడే. హైదరాబాద్ రావడం ఇదే మొదటిసారి.

మాది మల్కాజిగిరిలో పాత ఇల్లు. కింద రెండు గదులు, వంటిల్లు, డాబా మీద ఒక గది. నలుగురు చుట్టాలు దిగితే పై గది ఇవ్వాల్సిందే. ఆ గదిలో మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు కూర్చోలేం. రాత్రి పదకొండింటికి కూడా పైకప్పు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా నెమ్మదిగా వదులుతుంది, పొయ్యి ఆర్పినా పెనం వేడి తగ్గనట్టు.

ఏసీ పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది అని మా మరిది అన్నాడు. నాకు అది నచ్చలేదు. పైనుంచి వేడి దిగుతుంటే కింద గాలిని చల్లబరుస్తూ కూర్చోవడం ఎందుకు? ముందు స్లాబు సంగతి చూడాలి, ఆ తర్వాతే కూలరో ఇంకోటో. మా ఆయన సరేనన్నాడు. ఫ్యాక్టరీలో వాళ్లు వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ అడిగి తెచ్చాడు. మధ్యాహ్నం రెండున్నరకి స్లాబు పైభాగం 59 డిగ్రీలు. నీడలో గాలి 40. సాయంత్రం ఆరింటికి గది లోపల నుంచి పైకప్పు 43. ఈ మూడు అంకెలూ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టాం. పని అయ్యాక మళ్లీ కొలిచి పోల్చుకోవాలని.

ఏప్రిల్ 11

డాబా శుభ్రం చేయడమే సగం పని. పూలకుండీలన్నీ కిందికి దింపాం. నల్లగా పట్టిన పాకుడు ఇనుప బ్రష్‌తో గీకాం, నీళ్లు కొట్టి కడిగాం. కడిగాక నీళ్లు ఎటు పోతున్నాయో నిలబడి చూశాం. ఈశాన్యం మూలన గొట్టం వైపే పోతున్నాయి గానీ ఒకచోట మాత్రం అర అంగుళం నీళ్లు నిలిచిపోయాయి. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, సిమెంటుతో వాలు సరిచేశాం.

పగుళ్లు చాలా ఉన్నాయి. పిట్టగోడ స్లాబుని కలిసేచోట వెంట్రుకంత సన్నగా మొదలై, గది తలుపు దాకా వచ్చేసరికి గోరు దూరేంత వెడల్పైంది ఒకటి. దాన్ని చిన్న ఉలితో ఇంకాస్త తెరిచి, దుమ్మంతా ఊది, క్రాక్ ఫిల్లర్ పేస్టు దట్టించాం. తెరవకుండా పైపైన పూస్తే ఒక వర్షానికి ఊడొస్తుందని హార్డ్‌వేర్ షాపు పెద్దాయన చెప్పారు. అత్తయ్య కింద కూర్చుని, ఎండలోకి వెళ్లకండిరా అని కేకలేస్తూనే ఉంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత, అంతే. మధ్యలో ఎవ్వరం పైకి పోలేదు.

ఏప్రిల్ 15

సున్నం రోజు.

మార్కెట్లో ఎండని వెనక్కి తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్లు దొరుకుతున్నాయి, అవి నాలుగైదేళ్లు ఉంటాయంటారు. మాకు సున్నం చాలనిపించింది. ఖర్చు తక్కువ, పని మన చేతిలో ఉంటుంది, ఏటా ఒక పూత వేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు చల్లని కప్పు తప్పనిసరి చేసింది. మా ఇల్లు ఆ లెక్కలోకి రాదు, పాతదీ చిన్నదీ. కానీ ఈ ఊళ్లో ఎండకి ఎక్కువ మాడేది ఇలాంటి పాత స్లాబు ఇళ్లే, రేకుల ఇళ్లే. వాటికి ఈ పని ముందు జరగాలని నా కోరిక.

మేం కలిపిన పద్ధతి ఇది. పొడి సున్నం బస్తా విప్పి పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి ముందు రాత్రే నానబెట్టాం. తెల్లారి దాన్ని పాత చీర గుడ్డలో వడగట్టాం. వడగట్టకపోతే గడ్డలు బ్రష్‌కి తగిలి గీతలు పడతాయి. సున్నంలో అయిదో వంతు తెల్ల సిమెంటు, ఆపైన నీళ్లలో కరిగించిన ఫెవికాల్. సిమెంటు, ఫెవికాల్ పట్టు కోసం. అవి లేకపోతే నడిచినప్పుడల్లా అరికాళ్లకి తెల్లపొడి అంటుకుంటుంది. మజ్జిగంత పలుచగా ఉండాలి. సిమెంటు కలిపాక గంటన్నరలో వాడేయాలి కాబట్టి బకెట్ బకెట్‌గానే కలిపాం.

డాబాకీ, పై గది కప్పుకీ రెండింటికీ పూశాం. పూసే ముందు స్లాబు తడపాలి. ఇది చాలామంది వదిలేస్తారు. పొడి స్లాబు సున్నంలోని నీటిని క్షణంలో లాగేసుకుంటుంది, అప్పుడు పూత అతుక్కోదు, పెచ్చులైపోతుంది. మా ఆయన గొట్టంతో తడుపుతూ ముందు నడిచాడు, నేనూ మా పెద్దమ్మాయీ పొడుగు కర్రకి కట్టిన బ్రష్‌తో వెనకాల. మొదటి పూత తూర్పు పడమరలుగా. సాయంత్రం రెండో పూత ఉత్తర దక్షిణాలుగా, మొదటి దాంట్లో మిగిలిన ఖాళీలు మూసుకుపోయేలా. తడిగా ఉన్నప్పుడు బూడిద రంగులోనే కనిపిస్తుంది, ఏమీ తెల్లబడలేదే అనిపిస్తుంది. ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాల్సిందే, సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. చిన్నోణ్ణి పైకి రానివ్వలేదు, వాడికి సాయంత్రం దాకా కోపం.

ఏప్రిల్ 20

అంకెలు వచ్చాయి. దాదాపు అదే ఎండ, నీడలో గాలి 40. స్లాబు పైభాగం 59 నుంచి 43కి దిగింది. సాయంత్రం గది పైకప్పు 43 నుంచి 37కి. మా ఆయన నమ్మక ఇంకోసారి కొలిచాడు.

ఒక సంగతి ముందే చెప్పాలి. తెల్లటి డాబా మీద మధ్యాహ్నం కళ్లు విప్పలేం. బట్టలు ఆరేయడానికి వెళ్లినా నల్లద్దాలు పెట్టుకోవాలి.

నీళ్ల ట్యాంకు మాత్రం నల్లగానే ఉంది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమంటోంది. దానికీ రెండు పూతలు వేసి, చుట్టూ గోనె సంచులు కట్టాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గోనె తడిపితే చాలు. ఆర్వో మిషన్ వదిలేసే ఉప్పు నీళ్లు దీనికి సరిపోతున్నాయి.

ఏప్రిల్ 27

పిల్లలకి సెలవులొచ్చాయి. కూలర్ పని వాళ్లతో కలిసి మొదలుపెట్టాం.

అటక మీది పాత ఇనుప కూలర్. అడుగు తొట్టి తుప్పు పట్టి రెండుచోట్ల చిల్లులు. తుప్పు గీకి, ఎం-సీల్ పెట్టి, లోపల తారు పెయింటు వేశాం. పంపు కొత్తది, ఫ్యాన్ మోటారు పాతదే. గడ్డి మార్చాలి. మామూలు గడ్డి బదులు వట్టివేరు పెడదామని బేగంబజార్ వెళ్లి తెచ్చాం. ఇంటికొచ్చి కట్ట విప్పగానే హాలంతా తడిమట్టి వాసన. పిల్లలు వేళ్లతో వేరు విడదీసి, జాలీ తలుపుల్లో పలుచగా పరిచారు. మరీ దట్టంగా కుక్కితే గాలి ఆడదు, మరీ పలుచగా పెడితే తడవని గాలి లోపలికొస్తుంది. వెలుగుకి ఎదురుగా పట్టి చూస్తే చిన్న చిన్న చుక్కలుగా కాంతి కనపడాలి. ఆ కొలత పిల్లలే కనిపెట్టారు.

కూలర్‌కి ఎర్త్ లేకుండా ఎవరూ స్విచ్ వేయొద్దు. ఏటా వేసవిలో కూలర్ షాక్ కొట్టి ఎవరో చనిపోయారన్న వార్త చదువుతూనే ఉంటాం. ఇనుప పెట్టె, నీళ్లు, కరెంటు మూడూ ఒకచోట ఉన్నాయి. మూడు పిన్నుల ప్లగ్గు, గదికి విడిగా ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాం. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు పీకేయాలని తలుపు మీద పెద్ద అక్షరాలతో పెద్దది రాసి అంటించింది.

కూలర్ ఎలా పనిచేస్తుందో పిల్లలకి చెప్పాల్సి వచ్చింది. ఒక లీటరు నీరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని గడ్డిలోంచి దూసుకొచ్చే గాలి దగ్గరే తీసుకుంటుంది, అందుకే గాలి చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత త్వరగా ఆవిరవుతుంది. మన దగ్గర మే మధ్యాహ్నాల్లో గాలి బాగా పొడి. అందుకే కూలర్ పనిచేస్తుంది. ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే తేమ గదిలోనే పేరుకుని ఉక్కపోస్తుంది.

రాత్రి ఫోన్లో అక్కకి ఇదంతా చెప్తే నవ్వింది. వాళ్లింట్లో కూలర్ అన్న వస్తువే లేదు. అక్కడ గాలి ఎప్పుడూ తడే, కూలర్ పెట్టినా ఏం లాభం లేదు.

మే 6

దిగారు. విమానం రెండున్నర గంటలే గానీ శంషాబాద్ నుంచి మల్కాజిగిరి రావడానికి ట్రాఫిక్‌లో దాదాపు అంతే పట్టింది. కారు దిగి గేటు దగ్గర నిలబడి అక్క అన్న మొదటి మాట, "ఏటే చెల్లీ, గాలేటి ఇలా కాల్తంది?"

వాళ్లకి ఎండ కొత్త కాదు. పొడి ఎండ కొత్త. అక్కడ ఈ రోజుల్లో పగలు 32, 33, రాత్రి 25, 26. ఇక్కడ పగలు 41, రాత్రి 27. అక్కడ చెమట ఆరదు, ఇక్కడ చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. అందుకే దిగగానే మజ్జిగ కుండ చూపించి, దాహం వేసినా వేయకపోయినా గంటకో గ్లాసు తాగాల్సిందే అని చెప్పాను. సాయంత్రం బావగారు పై గదిలోకి వెళ్లి కూలర్ ముందు కూర్చుని, జాలీ తలుపు తీసి, పంపు చూసి, నీటి దారి చూసి, ఆఖరికి బానే ఉందన్నారు. ఆయన దీవుల మధ్య తిరిగే పడవల్లో ఇంజిన్ మెకానిక్. ఆయన బానే ఉందంటే నిజంగా బానే ఉన్నట్టు.

మే 7

తెల్లవారుజామున నాలుగున్నరకి పై గదిలో అడుగుల చప్పుడు. చుట్టాల పిల్లలిద్దరూ లేచేశారు. ఇది నాకు తట్టనే లేదు. పోర్ట్ బ్లెయిర్ మనకి తూర్పుగా 14 డిగ్రీల రేఖాంశం దూరంలో ఉంది. గడియారం దేశమంతా ఒకటే గానీ సూర్యుడు అక్కడ మనకన్నా దాదాపు గంట ముందు లేస్తాడు, గంట ముందు అస్తమిస్తాడు. మే నెలలో అక్కడ ఐదింటికల్లా వెలుగు, ఆరింటికల్లా చీకటి. ఇక్కడ ఆరున్నరకీ వెలుతురుండటం చూసి పిల్లలు నిద్రపోమని మొరాయిస్తున్నారు, పొద్దున మాత్రం పాత అలవాటే.

ఇది మాకు కలిసొచ్చింది. ఈ ఊళ్లో మేలో తిరగాల్సిన సమయం తెల్లవారుజామే. రోజుని ఇలా పంచుకున్నాం. పొద్దున పదిలోపు బయటి పని, తర్వాత సాయంత్రం ఐదు దాకా ఇల్లు, రాత్రి డాబా.

మే 9

అక్క దగ్గర చుట్టాలకి మర్యాద చేయడం మీద పెద్ద అనుభవం ఉంది. దీవిలో ఉండేవాళ్లకి సెలవులొస్తే మెయిన్‌ల్యాండ్ నుంచి చుట్టాలే చుట్టాలు. సెల్యులర్ జైలు చూడాలి, పడవెక్కి స్వరాజ్ ద్వీప్ వెళ్లాలి, పగడాలు చూడాలి. వాళ్లందరినీ తిప్పి తిప్పి, తన సెలవులు ఎప్పుడూ ఇంట్లోనే గడిచేవట. ఆమె నేర్చుకున్నవి నాకు వరసగా చెప్పింది. వచ్చినవాళ్లకి మొదటి రోజే అలమరాలో ఒక అర ఖాళీ చేసి ఇవ్వాలి, సూట్‌కేసులోంచి బతకనివ్వకూడదు. గేటు తాళం ఒకటి వాళ్ల చేతిలో పెట్టాలి. రెండు రోజులు తిరిగితే మూడో రోజు ఎక్కడికీ తీసుకెళ్లకూడదు. వంటింట్లో వాళ్లకి నచ్చిన పని ఒకటి అప్పగించాలి, లేకపోతే వాళ్లు ఊరికే కూర్చుని మొహమాటపడతారు. నీళ్ల సంగతి మొదటి గంటలోనే చెప్పేయాలి.

చివరిది ఆమెకి బాగా తెలిసిన సంగతి. ఏడాదికి మూడు మీటర్ల దాకా వాన పడే ఊరైనా వేసవిలో పోర్ట్ బ్లెయిర్‌కి నీటి కరువే. ఊరికి ముఖ్యమైన ఆధారం ధనిఖారి డ్యామ్. అది తగ్గితే కుళాయి రెండు మూడు రోజులకోసారి. అందుకే మా ఇంట్లో రోజు విడిచి రోజు నల్లా వస్తుందంటే వాళ్లు ఏమీ అనుకోలేదు. బియ్యం కడిగిన నీళ్లు కుండీలకి, బట్టలు జాడించిన నీళ్లు బాత్రూమ్‌కి, ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టేశారు. కూలర్‌లో మాత్రం నల్లా నీళ్లే పోస్తున్నాం. బోరు నీళ్లు పోస్తే వేరు మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది.

వంటింట్లో అక్కని ఆశ్చర్యపరిచింది ఉప్పు డబ్బా. వంపగానే ఉప్పు జలజలా రాలింది. వాళ్లింట్లో గరిటెతో గీకాలట. ఉతికిన జీన్స్ గంటలో ఆరిపోతే తీసుకొచ్చి అందరికీ చూపించింది. ఊరికే చూడటమెందుకని అత్తయ్య సగ్గుబియ్యం వడియాల పని ఆమెకి అప్పగించింది. దీవిలో వడియాలు ఎండేలోగా వానో తేమో వచ్చి బూజు పడుతుందట. ఇక్కడ పొద్దున పెడితే సాయంత్రానికి గుడ్డ మీంచి ఊడొచ్చేస్తున్నాయి.

మే 11

పొద్దున్నే అక్క వాళ్ల చిన్నపాపకి ముక్కులోంచి రక్తం. వాళ్లు హడలిపోయారు. ఈ పొడి గాలికి ముక్కు లోపలి పొర ఎండి పగులుతుంది, కొత్తగా వచ్చినవాళ్లకి మరీను. తల వెనక్కి వంచబోయింది అక్క, ఆపేశాను. ముందుకి వంచి కూర్చోబెట్టి, ముక్కు మెత్తటి భాగం పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకున్నాం, నోటితో గాలి పీల్చమన్నాం. ఆగింది. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాం, ఏమీ లేదన్నారు. రాత్రి పడుకునే ముందు ముక్కులో కొద్దిగా వాసెలిన్ రాస్తున్నాం ఇద్దరికీ.

మే 13

ఈ రోజు గోల్కొండ. గేటు తెరిచేసరికి అక్కడున్నాం. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టడం, పైన బాలాహిస్సార్ దగ్గర వినడం, ఆ ఆట పిల్లలకి చాలా నచ్చింది. బావగారి చూపంతా నీళ్ల గొట్టాల మీదే. మట్టి గొట్టాల్లో నీళ్లు తెచ్చి, అంచెలంచెలుగా తొట్లలోకి, అక్కణ్ణించి పైకి తోడి కొండ మీది దాకా ఎక్కించారు. గోడలో బయటపడిన ఒక గొట్టం ముక్క దగ్గర ఆయన చాలాసేపు వంగి కూర్చున్నారు. ఒక గొట్టం మూతి ఇంకో గొట్టం నోట్లోకి దూరి, చుట్టూ సున్నం దట్టించి ఉంది. "చూడు తమ్ముడూ, అతుకు దగ్గర ఇక్కడా సున్నమే" అని మా ఆయన్ని పిలిచి చూపించారు.

పదింటికల్లా ఇంటికొచ్చేశాం.

మే 16

రెండు రోజుల కింద డాబా మీద, గది కప్పుకీ నీడ పడేలా, పందిరి పని. గొట్టాలు నిలబెట్టడం అంతకు ముందే అయింది, ఆకుపచ్చ షేడ్‌నెట్ కూడా 75 శాతం నీడది తెచ్చి పెట్టాం. కట్టడం బావగారే చేస్తానన్నారు. నెట్‌కి ఉన్న కన్నాల్లోంచి తాడు వేసి లాగి కడితే మొదటి గాలికే కన్నం దగ్గర చిరుగుతుందట. ఆయన నెట్ అంచుని కొబ్బరి తాడు చుట్టూ మూడు మడతలు మడిచి, దబ్బనంతో నైలాన్ దారం పెట్టి కుట్టారు. ఆ తాడుని గొట్టానికి కట్టారు. తాడు గొట్టం చుట్టూ ఒకసారి, దాని మీదుగా అడ్డంగా ఇంకోసారి, కొస రెండో చుట్టు కిందనుంచి. లాగేకొద్దీ బిగుస్తుంది, విప్పాలంటే కొస వెనక్కి తోస్తే చాలు. మా పెద్దది ఆ ముడి నేర్చుకుని మిగతా గొట్టాలకి తనే కట్టింది. నెట్‌ని బిగించి లాగలేదు, మధ్యలో కాస్త వదులు ఉంచారు, గాలి దాన్ని ఎత్తి వదిలేలా.

రెండు రోజులకే, ఇవాళ సాయంత్రం, గాలిదుమారం వచ్చింది. వీధి చివర ఎవరిదో రేకు ఎగిరి రోడ్డు మీద పడింది. కరెంటు అర్ధరాత్రి దాకా లేదు. నెట్ ఎక్కడా చిరగలేదు. పందిరి నీడ, తెల్లటి స్లాబు రెండూ కలిసి గది పైకప్పుని ఇప్పుడు సాయంత్రం ఆరింటికి 35 దగ్గర ఉంచుతున్నాయి. బయట 41 ఉన్నప్పుడు కూడా.

మే 18

నిన్న రాంనగర్ చేపల మార్కెట్. అక్క వంజరం, సూర తిని పెరిగిన మనిషి. మంచులో పెట్టిన సముద్రపు చేపల దగ్గర ఆగి, మొప్పలు ఎత్తి చూసి, వద్దనేసింది. పక్కన తొట్టిలో కొర్రమీనులు. తెలంగాణ రాష్ట్ర చేప ఇది. గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి తక్కువ నీళ్లలో ప్రాణంతో ఉంటుంది, అమ్మేవాళ్లు బతికున్నదాన్నే తూచి ఇస్తారు. నల్లటి వీపు, పాము తలలాంటి తల, చేత్తో పడితే జారిపోతోంది. తలకాయ పడేయొద్దని చెప్పి రెండు తీసుకుంది. చింతపండు పులుసు, పచ్చిమామిడి ముక్కలు, మెంతి పొడి. ముళ్లు తక్కువ కాబట్టి పిల్లలు గొడవ లేకుండా తిన్నారు. మరుసటి రోజు పొద్దునకి పులుసు ఇంకా బాగుందని అత్తయ్య అంది. ఆవిడ మామూలుగా ఎవరి వంటకీ అంత తొందరగా మార్కులు వేయదు.

మే 21

మధ్యాహ్నాలు సాలార్‌జంగ్ మ్యూజియం. చాలామంది పొద్దున వెళ్లి మధ్యాహ్నం ఎండలో బయటికొస్తారు. పదకొండింటికి లోపలికి వెళ్లి, పన్నెండు గంటలకి గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూసి, ఐదు దాకా లోపలే ఉండటం మాకు కుదిరింది. శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోవాలి.

సాయంత్రం అటునుంచి హుస్సేన్‌సాగర్. పడవలో బుద్ధ విగ్రహం దగ్గరికి వెళ్లాం. 1990లో విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి (సరుకు మోసే చదునైన పడవ) ఒరిగి అది చెరువు అడుగుకి పోయిందని, మనుషులు చనిపోయారని, 1992లో పైకి తీసి నిలబెట్టారని చెప్పాను. బావగారు విగ్రహం కన్నా నీళ్లనే చూస్తూ నిలబడ్డారు. అంత బరువు బార్జి మీద ఎత్తులో పెడితే ఏం జరుగుతుందో తెలిసిన మనిషి. ఆ పడవ మీద పోయినవాళ్లు ఎవరని అడిగారు. నాకు వాళ్ల పేర్లు తెలియవు.

మే 24

పోర్ట్ బ్లెయిర్‌లో వానలు మొదలయ్యాయని పెదనాన్న ఫోన్. నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందు తాకేది ఆ దీవుల్నే. కేరళకి మామూలుగా జూన్ 1. మన దగ్గరికి రావడానికి ఇంకా సమయముంది.

ఆ ఫోన్ తర్వాత బావగారు డాబా మీద తిరిగి, ఈశాన్యం మూలన గొట్టం దగ్గర ఆగి, ఈ నీళ్లు ఎటు పోతాయని అడిగారు. వీధి కాలువలోకి. ఆయనకి నచ్చలేదు. కాగితం తీసుకుని లెక్క వేశారు. మా డాబా 900 చదరపు అడుగులు, అంటే సుమారు 84 చదరపు మీటర్లు. హైదరాబాద్ వాన ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు. గుణిస్తే 67 వేల లీటర్లు. అయిదో వంతు పోయిందనుకున్నా 50 వేలకి పైనే. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. గత వేసవిలో డబ్బు కట్టినా రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన ట్యాంకర్ కోసం ఎదురుచూసిన మాకు ఆ లెక్క గట్టిగా తగిలింది.

మే 28

ఆవకాయ. కాయలు మార్కెట్లోనే టెంకతో సహా కొట్టించుకొచ్చాం. ముక్కకి టెంక పెచ్చు ఉండాలి, లోపలి పొర తీసేసి పొడిగుడ్డతో తుడవాలి. అక్క, నేను, అత్తయ్య కూర్చుని తుడిచాం. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె. వాళ్లకి రెండు డబ్బాలు. నూనె కారకుండా మూత మీద కవరు, దాని మీద టేపు, చెక్-ఇన్ సామానులో.

వాళ్లు వెళ్లడానికి ఇంక ఒక్క రోజే మిగిలింది. బావగారు ఇవాళే గొట్టం పని మొదలుపెట్టారు.

మే 30

పొద్దున విమానం ఎక్కించి వచ్చాం. గొట్టం పని ముక్కాలు వంతు అయింది. మిగతాది ఆయన కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చారు. డాబా నుంచి దిగే గొట్టానికి వై ఆకారంలో రెండు దారులు. ఒకటి కాలువకి, ఒకటి సంపుకి. రెండింటికీ వాల్వులు. మొదటి వానలు కాలువలోకే వదిలేయాలి, దుమ్ము, పిట్టల రెట్టలు, సున్నం పొడి అన్నీ అందులో పోతాయి. ఆ తర్వాతే సంపు వాల్వు తిప్పాలి. సంపులోకి వెళ్లేముందు చిన్న తొట్టి, అందులో కింద కంకర, పైన ఇసుక, మూతికి నైలాన్ జాలీ. ఆ నీళ్లు తాగడానికి కాదు, వాడకానికే.

జూన్ 14

రెండు వానలు కాలువకి వదిలేశాం. నీళ్లు మొదట పాలలా తెల్లగా వచ్చాయి, రెండోసారికి తేటబడ్డాయి. నిన్న రాత్రి గంటకు పైగా గట్టి వాన. మా ఆయన గొడుగు పట్టుకుని వెళ్లి సంపు వాల్వు తిప్పాడు. పొద్దున కర్ర దించి చూస్తే సంపులో మట్టం జానెడు పెరిగింది. బావగారికి ఫోటో పంపాం. ఇసుక తొట్టిలో పై పొర నెలకోసారి మార్చమని, వాల్వు హ్యాండిల్‌కి గ్రీజు పెట్టమని జవాబు.

సున్నం కొంత కడుక్కుపోయింది, ముఖ్యంగా గొట్టం దగ్గర. వానలయ్యాక చూసి, ఫిబ్రవరిలో మళ్లీ ఒక పూత వేస్తాం. గదికి పడమటి గోడ ఒకటి మిగిలిపోయింది, సాయంత్రం ఎండంతా దాని మీదే. దానికీ సున్నం వేయాలి, ముందు ఒక తీగ జాతి మొక్క పాకించవచ్చేమో చూడాలి. గోడ పని చేయడానికి పొడుగు నిచ్చెన కావాలి. ఎదురింటి వాళ్లని అడిగాం, దసరా తర్వాత ఇస్తామన్నారు.